పలక మీద పైట

బడి వార్షికోత్సవానికి ఇరవై సెకన్ల బొమ్మల చిత్రం చేద్దామని కూర్చున్నాం. కంభం చెరువు కట్ట మీద ఒకామె బిందె ఎత్తుకుని నడిచి వస్తుంది, అంతే కథ. బొమ్మలు కదిలించే బ్లెండర్ ప్రోగ్రాం ఉచితం, కంప్యూటర్ పాతది, పనివాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలు. మూడు వారాలు తంటాలు పడి ఆమెను నడిపించాం. తెర మీద వేసి చూపిస్తే వెనక బెంచీలోంచి ఒకడన్నాడు: "ఏంది సార్, పైట పలక మాదిరి ఉందే!"

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పిల్లవాడు పలక అన్నాడంటే కొట్టిపారెయ్యకూడదు. పలకను గాల్లోకి విసిరామనుకోండి. అది ఎక్కడుందో చెప్పడానికి మూడు సంఖ్యలు, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి ఇంకో మూడు. ఆరింటితో పలక సంగతి మొత్తం తేలిపోతుంది. పైట అట్లా కాదు. ఒక అంచు ఎగురుతుంటుంది, ఇంకో అంచు వేలాడుతుంటుంది, నడుమ మడత పడుతుంది. దాన్ని 40 వరసలు, 25 నిలువుల గళ్లుగా పరిచినా వెయ్యి బిందువులు. ఒక్కోదానికి మూడు చొప్పున మూడు వేల సంఖ్యలు, అదీ సెకనుకు ముప్ఫై సార్లు.

సరదాకు ఇంట్లో బొమ్మలాడించేవాళ్లు చాలాకాలం గట్టి ముక్కలతోనే నెట్టుకొచ్చారు. 2008లో జపాన్‌లో యు హిగుచి ఉచితంగా వదిలిన మికుమికుడాన్స్ అనే బొమ్మలాడించే ప్రోగ్రాంలో హత్సునే మికు అనే పాటల బొమ్మ పొడుగాటి జడలు ఊగడానికి ఎర్విన్ కూమన్స్ రాసిన బుల్లెట్ అనే ఫిజిక్స్ లైబ్రరీని తర్వాత జోడించారు. అందులో జడ అంటే వరసగా గట్టి ముక్కలు, నడుమ కీళ్లు. తోలుబొమ్మ మోచేతి దగ్గర దారంతో కుట్టినట్టే. జడకది సరిపోయింది, పావడాకూ ఎట్లాగో సర్దుకున్నారు. పైటకు చాలదు.

బ్లెండర్‌లో బట్టకు వేరే ఏర్పాటు ఉంది, మీట నొక్కితే అయిపోయేది. నేను నొక్కనివ్వలేదు. అందులో పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసుకునే వీలుంది గదా, మనమే చేద్దామన్నాను. ముందు పలక తెమ్మన్నాను.

ఈ విద్యలో నాకు భలే ఇష్టమైన చోటు ఇదే. 1967లో లూ వెర్లే అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త 864 ఆర్గాన్ పరమాణువులు ద్రవంలో ఎట్లా కదులుతాయో కంప్యూటర్‌తో లెక్క కట్టాడు. ఆయన వాడిన సూత్రం ఇది: ఇప్పటి చోటును రెండింతలు చెయ్యి, వెనకటి చోటును తీసెయ్యి, లాగుడు వల్ల వచ్చే జరుగుడును కలుపు. అదే కొత్త చోటు. సెకనుకు 30 ఫ్రేములైతే భూమి లాగుడు వల్ల వచ్చే జరుగుడు సుమారు 1.1 సెంటీమీటర్లు. పలక మీద వేశాం: 0, 0, 1.1, 3.3, 6.6, 11. రాయి పడ్డట్టే పడుతోంది! వేగం అనే గడి ఎక్కడా లేదు. రెండు చోట్ల మధ్య ఎడమే వేగం. పలక మీద రెండు వరసలుంటే చాలు, వెనకవన్నీ తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. ఇంత తక్కువ జ్ఞాపకంతో బతికే సూత్రం నేనింకోటి చూడలేదు.

తర్వాత పక్కపక్క బిందువుల మధ్య స్ప్రింగులు పెట్టాం. రాబర్ట్ హుక్ చెప్పినట్టు ఎంత సాగితే అంత వెనక్కి లాగేవి. చీర సాగకూడదు కాబట్టి స్ప్రింగు గట్టిగా ఉండాలి. ఒక అమ్మాయి ఒక్క బిందువుకు, ఒక్క స్ప్రింగుకు లెక్క వేసింది. తప్పుకున్న దూరానికి ఐదింతలు వెనక్కి లాగేంత గట్టిది తీసుకుంది. 1, 1, −4, 11, −29, 76. పిల్లలు పడీపడీ నవ్వారు. సున్నా గీత దగ్గరికి రావాల్సింది గీత దాటి అవతల పడుతోంది, అక్కణ్ణించి ఇంకా గట్టిగా లాగడంతో ఇవతల ఇంకా దూరం పోతోంది. లాగుడు నాలుగింతలు దాటితే ఇంతే. నాలుగు ఫ్రేముల్లో పైట చెరువు దాటి గిద్దలూరు పోయేట్టుంది.

దీనికి రెండు దారులు పుట్టాయి, రెండూ ఒకదానికొకటి పడనివి. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ ఒకటి చూపించారు. ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు గంతు వేసే చోట ఉన్న బలాన్ని కాదు, వేశాక పడబోయే చోట ఉండే బలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పడబోయే చోటు ఇంకా తెలియదు కాబట్టి బిందువులన్నిటికీ కలిపి సమీకరణాల గుంపును ఒకేసారి సాధించాలి. తర్వాత పిక్సార్ వాళ్ల "మాన్‌స్టర్స్, ఇంక్."లో బూ పాప చొక్కా ఈ బాటలోనే కదిలింది. బ్లెండర్‌లోని బట్టదీ ఈ వంశమే. పెద్దింటి విద్య, వంక పెట్టలేం.

రెండోది పేదింటి కిటుకు. "హిట్‌మ్యాన్" అనే ఆటలో శవాలను ఈడ్చుకుపోయే సన్నివేశాలు ఆడేవాడి కళ్లముందే, అప్పటికప్పుడు నడవాలి. దానికి పనిచేసిన థామస్ యాకబ్‌సెన్ 2001లో తన కిటుకు బయటపెట్టాడు. బలాన్నే మర్చిపో. రెండు బిందువుల మధ్య 10 సెంటీమీటర్లుండాలి, 14 అయ్యాయా? ఇటు దాన్ని 2, అటు దాన్ని 2 దగ్గరికి జరుపు. ఒకటి భుజానికి పిన్ను పెట్టినదైతే దాన్ని ముట్టుకోకు, రెండోదాన్నే 4 జరుపు. ఇక్కడ సర్దితే పక్కది చెడుతుంది. చెడనీ, దాన్నీ సర్దు, మళ్లీ మొదటికి రా. నులక మంచం బిగించినట్టన్నమాట: ఒక పేట లాగితే పక్క పేట వదులవుతుంది, నాలుగైదు చుట్లు తిరిగొస్తే మంచం వాయిస్తే మోగుతుంది. మరి చోట్లను ఇట్లా ఇష్టమొచ్చినట్టు జరిపితే వేగం ఏమైపోవాలి? ఏమీ కాదు. వెర్లే లెక్కలో వేగం విడిగా లేదు గదా, చోటు సర్దగానే అదీ సర్దుకుంటుంది. ఆర్గాన్ లెక్క, మంచం బిగింపు ఒకదానికొకటి అంత చక్కగా అతుక్కున్నాయి.

లోపం లేదని కాదు. రెండు చుట్లు తిప్పితే పైట రబ్బరులా సాగింది, ఇరవై తిప్పితే గంజి పెట్టినట్టు నిలబడింది. బట్ట మెత్తదనం బట్టలో కాకుండా మన ఓపికలో ఉందన్నమాట! 2006లో మథియాస్ ముల్లర్ బృందం ఈ పద్ధతికి ఒక శాస్త్రరూపం ఇచ్చింది, 2016లో ఈ ఓపిక రోగానికి మందూ కనిపెట్టారు. బుల్లెట్‌లోనూ మెత్తని వస్తువులు వచ్చాయి. ఆ కథంతా ఇప్పుడొద్దు.

మా ప్రోగ్రాం అరవై లైన్లు తేలింది. ఎనిమిది చుట్లు పెట్టి, చెరువు మీది గాలి కాస్త కలిపి నడిపిస్తే పైట నిజంగానే ఎగిరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లెక్క వేసిన అమ్మాయి మాత్రం కొట్టలేదు.

"మా అమ్మ పైట ఇట్టా ఎగరదు సార్. బిందె ఎత్తుకునేటప్పుడు చెంగు నడుముకు దోపుకుంటది."

నడుము దగ్గర ఇంకో పిన్ను పెట్టాం. పైట భుజం నుంచి నడుము దాకా ఒక్క వంపుగా దిగి, ఆమె అడుగేసినప్పుడల్లా కొంచెంగా ఊగింది.