స్కాను చదివే బల్ల

పోయిన వేసవిలో మా చాపాడు సంఘములోని ఒక అవ్వను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరులో స్కానింగు తీసే చోటికి వెళ్లాను. ఊపిరితిత్తిలో మచ్చ ఉన్నదని ఆమెకు ఎవరో చెప్పారు. ఆ రాత్రి నుండి ఆమెకు అన్నము సహించలేదు. డాక్టరుగారు కంప్యూటరు తెర వైపు చూస్తూనే, "పాత స్కాను ఉందా?" అని అడిగారు. అది ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. కొడుకు మళ్లీ బస్సెక్కి వెళ్లి తెచ్చాడు. రెండింటినీ పోల్చి చూస్తే, మూడేండ్ల నాడు ఉన్నంతే ఉన్నది ఆ మచ్చ. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ప్రియ పాఠకులారా, ఆ తెర ముందు కూర్చుండే వారి పని ఎటువంటిదో మనము ఆలోచించము. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న తరువాత ఎన్నో ఏండ్లు ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి చూచేవారు. 1971 అక్టోబరు 1న లండనులో మొదటి రోగికి సి.టి. స్కాను తీశారు. నేడు ఒక్క స్కానులోనే వందల బొమ్మలుంటాయి. వాటిని తెర మీద దొర్లిస్తూ చూడవలసిందే. ఏ కంపెనీ యంత్రము తీసిన బొమ్మనైనా వేరొక కంపెనీ తెర మీద తెరిచేందుకు డైకామ్ అనే ఉమ్మడి పద్ధతి 1993లో వచ్చింది.

సి.టి. లెక్కలో నీటికి సున్న, గాలికి మైనస్ 1000. గట్టి ఎముక వేయి దాటవచ్చును. ఇన్ని ఛాయలను కన్ను ఒక్కసారే పట్టలేదు. ఊపిరితిత్తికి ఒక తీరుగా, ఎముకకు ఇంకొక తీరుగా తెరను మార్చుకోవాలి. ఒక్క మీటతో ఆ పని జరిగితే సరి. మీట కోసము నాలుగు చోట్ల వెదకవలసి వస్తే చూపు బొమ్మను విడిచి పోతుంది.

చూపు ఎంత సులువుగా తప్పుతుందో 2013లో అమెరికాలో ట్రాఫ్టన్ డ్రూ, ఆయన తోటివారు చూపించారు. ఊపిరితిత్తుల స్కానులో చిన్న గడ్డలను వెదకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చి, అందులో ఒక గొరిల్లా బొమ్మను దూర్చారు. 20 మందికి అది కనబడలేదు! వారు తెలివి తక్కువ వారు కారు. వెదికేది వేరు గనుక కన్ను దానిని దాటిపోయింది.

గది సంగతి కూడ ఉన్నది. ట్యూబులైటు వెలుగు తెర మీద మెరిస్తే సన్నని మచ్చ దాగిపోతుంది. చిమ్మచీకటైతే కళ్లు అలసిపోతాయి. మసక వెలుతురు మేలు. కుట్టుమిషను ఎత్తు కుదరకపోతే నడుము పట్టేయడము మన ఇండ్లలో ఎరుగనిదా? దినమంతా మౌసు తిప్పే వారి మణికట్టుకూ అంతే. బల్ల, కుర్చీ మనిషికి తగినట్టు పైకీ కిందికీ జరగాలి.

మంచి ఏర్పాటులో పాత బొమ్మ అడగకుండానే కొత్తదాని పక్కన వచ్చి నిలుస్తుంది. అయితే అది అదే ఆసుపత్రిలో తీసినదై ఉండాలి. ఒక చోట తీయించి ఇంకొక చోటికి వెళ్లే మనకు ఇంకా చేతిసంచియే దిక్కు. అవ్వ కొడుకు ఇప్పుడు కవరు మీద పెద్ద అక్షరాలతో తేదీ వ్రాసి, బస్సుకు వెళ్లేటప్పుడు కనబడేలా తలుపు వెనుక మేకుకు తగిలించాడు.