పాత కేసుకూ కులం ఉంది

అమెరికా ఉద్యోగ వీసా కోరేవారు నింపే డీఎస్-160 దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. ఏదైనా నేరం విషయంలో మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీకు శిక్ష పడిందా అని అది అడుగుతుంది. క్షమాభిక్ష లభించినా సరే, చెప్పి తీరాలంటుంది. జవాబుకు రెండే గడులు: అవును, కాదు. హెచ్-1బి కోసం వెళ్లే తెలుగు ఇంజనీర్లలో అత్యధికులు ఆ ప్రశ్న దగ్గర క్షణమైనా ఆగరు. ఆగవలసి వచ్చేది ఎవరికి?

దేశంలోని జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక చెబుతోంది. ఆ విచారణ ఖైదీలలో ఐదో వంతు దళితులు. 2011 జనాభా లెక్కల్లో దళితుల వాటా 16.6 శాతమే. అంటే అరెస్టు అనేది సమాజమంతటా సమానంగా పడే వాన కాదు. ఊళ్లో దాడికి గురైన దళితుడు అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు ఇస్తే, అవతలి పక్షం నుంచి కౌంటర్ కేసు నమోదు కావడం తెలుగు పల్లెల్లో పరిపాటి. ఆ కౌంటర్ కేసులో ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడి పేరు కూడా చేరుతుంది. విశ్వవిద్యాలయాల సంగతి సరేసరి. స్కాలర్‌షిప్పు బకాయి, హాస్టల్ మెస్సు, అంబేడ్కర్ విగ్రహం, ఇలా ఏ ఆందోళనలోనైనా మొదట పోలీసు వాహనం ఎక్కేది మొదటి తరం విద్యార్థులే. రోహిత్ వేముల మరణానంతర ఉద్యమంలో భాగంగా 2016 మార్చిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులు కూడా అరెస్టయి జైలుకు వెళ్లారు. వారిలో ఎవరు ఏనాడు విదేశీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నా ఆ గడి ఎదురవుతుంది.

అరెస్టు కంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. దాన్ని మనవాళ్లు కేసుగానే లెక్కించరు. పెట్టీ కేసుల్లో కుర్రాళ్లను కోర్టుకు తెచ్చి, ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది, లేదంటే ఏళ్ల తరబడి తిరగాలి అని చెప్పడం పోలీసు స్టేషన్ల దినచర్య. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాడు ఐదు వందలో వెయ్యో కట్టి ఇంటికి వస్తాడు. కేసు కొట్టేశారని తల్లితో చెబుతాడు. నిజానికి అక్కడ జరిగింది కొట్టివేత కాదు, నేర నిర్ధారణ. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే చట్టం దృష్టిలో శిక్ష పడినట్టే. అదే గొడవలో పట్టుబడిన సంపన్న కుటుంబపు పిల్లవాడి తరఫున వకీలు వచ్చి వాదించి, నిర్దోషి అనిపించుకుంటాడు. పదేళ్ల తరువాత ఇద్దరూ ఒకే కంపెనీ ఆఫర్ లెటరు పట్టుకుని ఒకే కాన్సులేటు ముందు నిలబడినప్పుడు ఒకరి చేతిలో నిర్దోషిత్వపు తీర్పు ఉంటుంది, రెండోవాడి వెనుక తనకే తెలియని శిక్ష ఉంటుంది.

ఇక్కడే కన్సల్టెన్సీలు ప్రవేశిస్తాయి. పాతదే కదా, ఎవరు చూస్తారు, ‘కాదు’ అని పెట్టేయండి అన్న సలహా అమీర్‌పేటలో తేలికగా దొరుకుతుంది. ఆ సలహా ఖరీదు ఎంతో దరఖాస్తుదారుడికి చెప్పేవారు అరుదు. తెలిసి తెలిసి ముఖ్యమైన విషయాన్ని దాచి వీసా కోరితే అమెరికా వలస చట్టం జీవితకాలపు అనర్హత విధిస్తుంది. మినహాయింపు కోరే దారి ఉన్నా అది ఇరుకైనది. బ్రిటన్‌లో దరఖాస్తులో మోసానికి పాల్పడితే పదేళ్ల నిషేధం, కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో మూడేళ్లు. నిజం చెబితే మాత్రం చాలా సందర్భాల్లో తలుపు మూసుకుపోదు. అమెరికా చట్టంలో అరెస్టు ఒక్కటే దానంతట అది అనర్హత కాదు. నైతిక పతనాన్ని సూచించే నేరాల్లో శిక్ష పడిందా అన్నది ప్రధానంగా చూస్తారు. రాస్తారోకో, నిషేధాజ్ఞల ఉల్లంఘన వంటివి సాధారణంగా ఆ కోవలోకి రావు. కేవలం రాజకీయ స్వభావం గల నేరాలను ఆ నిబంధన నుంచే మినహాయించారు. బ్రిటన్ ఉద్యోగ వీసాకు పన్నెండు నెలలు, అంతకు మించిన జైలుశిక్ష ఉంటే తిరస్కరణ తప్పదు. అంతకు తక్కువైతే నిర్ణయం అధికారి విచక్షణది. కనుక ఉద్యమంలో అరెస్టయిన విద్యార్థికి నేను చెప్పగలిగింది ఒకటే: ‘అవును’ అని రాయండి, దానికి కాగితం జతచేయండి. పాత కేసు వల్ల కాకపోయినా దాన్ని దాచినందువల్ల భవిష్యత్తు పోగొట్టుకోవద్దు.

అయితే ప్రశ్నలు అన్ని దేశాల్లో ఒకే మాదిరిగా ఉండవు. కెనడా దరఖాస్తు అభియోగం మోపారా అని కూడా అడుగుతుంది. పోలీసులు నోటీసు ఇచ్చి పంపడం వేరు, అరెస్టు వేరు. ఈ తేడా తెలియక అరెస్టు కానివాడు అయ్యానని రాసుకోవడమూ జరుగుతుంది. ప్రశ్నను అక్షరం అక్షరం చదివి, అడిగినదానికి మాత్రమే పూర్తిగా జవాబివ్వాలి.

నిజం చెప్పమని సలహా ఇవ్వడం సులువే. కానీ నిజానికి రుజువు కావాలి. తీర్పు ధ్రువీకృత ప్రతి కోసం మండల కేంద్రంలోని కోర్టు చుట్టూ తిరగాలి, రికార్డు గదిలో పాత కట్ట దొరకాలి, తెలుగులో ఉన్న పత్రాలకు ఆంగ్లానువాదం చేయించాలి. కోర్టులో చుట్టమో తెలిసిన గుమాస్తానో ఉన్న కుటుంబానికి ఇది వారం రోజుల పని. వ్యవసాయ కూలీ కొడుక్కు ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. విచారణ ఇంకా నడుస్తుంటే పాస్‌పోర్టు దగ్గరే చిక్కు. 1967 చట్టం ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు. ఆ అనుమతి వచ్చేదాకా ఆఫర్ లెటరు ఎదురుచూడదు.

గుర్తింపు దాచుకోవలసి రావడం మన చరిత్రకు కొత్త కాదు. అంబేడ్కర్ తన జ్ఞాపకాలకు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరు పెట్టుకున్నారు. 1917లో కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి బరోడా వచ్చిన ఆయనకు తల దాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రం రిజిస్టరులో పార్సీ పేరుతో ఉండవలసి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయనను వెళ్లగొట్టారు. దాపరికానికి నెట్టేదీ, దాచినందుకు శిక్షించేదీ ఒకే సమాజమని ఆ ఘటన చూపింది. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చి, స్వాతంత్ర్యానంతరం 1952లో రద్దయింది. ఒక కులంలో పుట్టడాన్నే అనుమానానికి ఆధారం చేసిన ఆ చట్టపు నీడ స్టువర్టుపురం వంటి ఊళ్ల మీద నుంచి ఇంకా తొలగలేదు. జైళ్లలో కులవివక్ష మీద 2024 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా ఈ వారసత్వాన్ని ఎత్తిచూపింది.

ప్రభుత్వాలు అప్పుడప్పుడు కేసులు ఎత్తివేస్తామని ప్రకటిస్తాయి. తెలంగాణ ఉద్యమ కేసుల విషయంలో చూశాం. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మేలో అమలాపురంలో జరిగిన విధ్వంసం కేసుల విషయంలోనూ చూశాం. (ఆ పేరును వ్యతిరేకించినవారి కేసుల ఉపసంహరణకు దొరికిన రాజకీయ శ్రద్ధ, పల్లెల్లో దళితుల మీది కౌంటర్ కేసులకు ఏనాడు దొరికింది?) ప్రకటన వెలువడగానే కేసు పోయిందని యువకులు నమ్ముతారు. ప్రభుత్వ నిర్ణయం తరువాత ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు వేయాలి, కోర్టు సమ్మతించాలి. అభియోగాలు ఖరారు కాకముందు అయితే అది విడుదల, తరువాత అయితే నిర్దోషిత్వం. అప్పటికీ అరెస్టు జరిగిన వాస్తవం చెరిగిపోదు, డీఎస్-160లో ‘అవును’ మారదు. మారేది దానికి జతపరిచే కాగితం.

ఆ కాగితం ఇప్పించే బాధ్యత ఎవరిది? విద్యార్థిని సస్పెండ్ చేయడానికి క్షణంలో కమిటీ వేసే విశ్వవిద్యాలయాలు, అతని కేసు ముగిసినప్పుడు తీర్పు ప్రతి తెప్పించే న్యాయ సహాయ విభాగం ఒక్కటి నడపలేవా? విద్యార్థి సంఘాలు ఊరేగింపుకు పిలిచేటప్పుడు బెయిలుకు వకీలును చూస్తాయి, ఆ తరువాత వాయిదాలు కుర్రవాడికే వదిలేస్తాయి. నేరం ఒప్పుకోమన్నప్పుడు ఒప్పుకోకుండా అతని పక్కన నిలబడవలసింది ఆ వాయిదాల దగ్గరే. ఉచిత న్యాయ సహాయం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేని హక్కు అని 1987 నాటి చట్టమే చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు పెడితే చాలునన్న సంగతి మన హాస్టళ్ల నోటీసు బోర్డుల మీద ఇప్పటికీ కనిపించదు.