గోడలో నిమిడిన స్పీకరుకు తగు అలంకారము

మన పెద్దల యిండ్లలో కొయ్యపెట్టె రేడియో ఒక గౌరవస్థానమున నుండెడిది. దాని ముందుభాగమున బిగించిన మెరుపు దారముల నేతగుడ్డ చూపరులకు వట్టి సొగసుగా దోచినను, నాదము నిరాటంకముగ వెలువడునట్లు దానిని పలుచగా, వదులుగా నేయుటలో గొప్ప నేర్పు కలదు. నేడు స్పీకరు గోడలోనికిని, జిప్సం బోర్డుతో కట్టిన ఫాల్స్ సీలింగులోనికిని జేరిపోయి, కంటికి గానవచ్చునది దానిపై జాలీ మాత్రమే యగుటచే, ఆ జాలీకి ఏ రంగు వేయవలెను, ఏ గుడ్డ కప్పవలెను అను విచారము ఇల్లు కట్టుకొను ప్రతివారికిని కలుగుచున్నది. ఈ నిర్ణయమును గోడ రంగు చూచి చేయువారే పెక్కుమంది. చెవి నడిగి చేయువారు అరుదు.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు జెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతియే, అనగా అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలగా దాని కంటియున్న శంకువు గాలిని కంపింపజేయుటయే, నేటి స్పీకర్లలో నత్యధిక భాగమునకు ఆధారము. ఆ శంకువుపై రంగు పడినచో బరువు పెరిగి ధ్వని చెడును గావున దానిని ముట్టనే కూడదు. ఇక ముసుగు మాట: సెకనుకు 100 కంపనములు గల మంద్రధ్వని తరంగము గాలిలో సుమారు 3.4 మీటర్ల పొడవుండగా, 10,000 కంపనములు గల తారధ్వని తరంగము 3.4 సెంటీమీటర్లు మాత్రమే యుండును. అందుచే దళసరి గుడ్డ యడ్డముగా నున్నను మృదంగపు టెడమవైపు నాదము వినబడుచునే యుండును గాని, తాళముల గలగల, వీణమీటులోని పదును, గాయకుని పలుకులోని స్పష్టత మొట్టమొదట హరించిపోవును.

సీలింగు రంగుతో జాలీ కలిసిపోవలెనని కోరువారు, సీలింగుకు వాడిన డబ్బాలోనుండియే కొంత రంగు దాచుకొనుట మేలు. ఒక కంపెనీ తెలుపునకును వేరొక కంపెనీ తెలుపునకును పగటివెలుతురులో తేడా తెలిసిపోవును. జాలీని ఊడదీసి, వెనుక నంటించిన పలుచని గుడ్డను మెల్లగా ఒలిచి, రంగును పలుచన చేసి, స్ప్రేతో పొరపొరగా, ఒక పొర ఆరిన పిమ్మటనే మరియొక పొర వేయింపవలెను. బ్రష్షుగాని రోలరుగాని తగిలెనా, రంధ్రములు పూడిపోవును. ఆరిన తరువాత జాలీని దీపమున కెదురుగా పట్టి చూడుడు. వెలుతురు రాని రంధ్రమును సూదితో విడిపించి, అటుపిమ్మటనే గుడ్డను మరల నంటింపుడు. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో గీతపడిన ఇనుపజాలీ ఉప్పుగాలికి త్వరలోనే తుప్పుపట్టును గావున అచ్చట అల్యూమినియము శ్రేయస్కరము.

నాకు మిక్కిలి ప్రియమైనది చేనేత ముసుగు. పోచంపల్లి ఇక్కతు నూలుగుడ్డగాని, పెడన కలంకారీగాని చట్రమునకు బిగించినపుడు గదికి వచ్చు శోభ ఏ పెయింటుకును రాదు. అయితే కొత్త చేనేతకు గంజి యుండును. అది నూలుపోగుల నడుమ సందులను మూసివేయును గావున, ముందుగా నీటిలో నానబెట్టి, బాగుగా ఉతికి ఆరవేయవలెను. పిదప గుడ్డను పెదవుల చెంత బిగించి పట్టి ఊదుడు: ఊపిరి సులభముగ ఆవలికి బోయిన గుడ్డ స్పీకరుకు పనికివచ్చును, బుగ్గలు ఉబ్బినచో పనికిరాదు. ఒత్తునేత పట్టుచీర ముక్కలు, జరీ యంచులు ఈ పరీక్షలో సాధారణముగ నిలువవు.

గుడ్డకు బదులు ముసుగుగా టేకు పట్టీలు వేయువారు వాని నడుమ ధారాళముగ సందు విడువవలెను. స్పీకరును పూర్తిగా కప్పి పైన పుట్టీ పూయు కొత్త రకములు కంటికి బొత్తిగ కనబడవు నిజమే. కాని పుట్టీ మందము తయారీదారు చెప్పిన హద్దు దాటరాదు, మరమ్మతు వచ్చినచో గోడ పగులగొట్టక తప్పదు. ఆ ఖర్చునకు సిద్ధపడనివారికి నే నవి వేయించుకొమ్మని చెప్పను.

ఏది ఎంచుకొన్నను, పని ముగించుటకు ముందు మీకు బాగుగా తెలిసిన పాటనొకదానిని ముసుగు లేకుండ నొకమారు, ముసుగుతో నొకమారు, అదే స్థాయిలో వినుడు. తేడా తెలిసినచో ఆ ముసుగు ఎంత సుందరమైనను మార్పింపుడు.