పక్కవాడు వద్దంటే: ఆక్రమిత నేలపై సైనికుల నడవడి

2006 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అమెరికా సైన్యానికి చెందిన మానసిక ఆరోగ్య నిపుణులు ఇరాక్‌లో ఉన్న తమవారిని, అంటే 1,320 మంది సైనికులను, 447 మంది మెరైన్లను సర్వే చేశారు. సమాధానమిచ్చినవారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఆయుధం పట్టని ప్రజలను గౌరవంగా చూడాలన్న మాటను ఒప్పుకున్నవారు సైనికుల్లో 47 శాతం, మెరైన్లలో 38 శాతం మాత్రమే. పౌరులతో ఏదో ఒక రూపంలో దురుసుగా ప్రవర్తించామని సుమారు పదో వంతు మంది తమంతట తామే రాశారు. మరుసటి ఏడాది ఈ నివేదిక వెలువడినప్పుడు చదివినవారిని కలవరపెట్టినవి ఈ అంకెలే. అంతకంటే లోతైన అంకె ఒకటి అందులోనే ఉంది. తమ దళంలోని మనిషి ఏ పాపమూ ఎరగని పౌరుణ్ణి గాయపరిచినా, చంపినా పైవారికి చెబుతామన్నవారు సైనికుల్లో 55 శాతం, మెరైన్లలో 40 శాతమే. చేతులారా తప్పు చేసినవారు కొద్దిమంది, చూసి ఊరుకోవడానికి సిద్ధపడ్డవారు దాదాపు సగం మంది. ఆక్రమణ కాలంలో నీతి చెడేది ప్రధానంగా ఈ రెండో గుంపు దగ్గరే అని నా అభిప్రాయం.

చట్టంలో లోపమేమీ లేదు. ఒక ప్రాంతం శత్రుసైన్యం అధికారం కిందికి వాస్తవంగా వచ్చినప్పుడు అది ఆక్రమిత ప్రాంతమవుతుందని 1907 నాటి హేగ్ నిబంధనలు నిర్వచించాయి. అక్కడ శాంతిభద్రతలు కాపాడే బాధ్యతను కూడా ఆక్రమించినవారి మీదే పెట్టాయి. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం పౌరుల ప్రాణాలతో పాటు వారి పరువుకు, కుటుంబ హక్కులకు, మతానికి, ఆచారాలకు రక్షణ ఇచ్చింది, సామూహిక శిక్షను నిషేధించింది. ఇరాక్‌లో అమెరికా, బ్రిటన్ ఆక్రమణ శక్తులని భద్రతామండలి 2003 మేలో గుర్తించింది. చట్టం లెక్కలో ఆ స్థితి 2004 జూన్‌తో ముగిసింది. అర్ధరాత్రి తలుపులు బద్దలుకొట్టుకుని విదేశీ సైనికులు ఇంట్లోకి వస్తున్న కుటుంబానికి మాత్రం ఆ తేదీతో మారిందేమీ లేదు.

ఆక్రమణ యుద్ధం లాంటిది కాదు. యుద్ధంలో ఎదురుగా ఉన్నది శత్రువని తెలుస్తుంది. ఆక్రమణలో సైనికుడు భాష రాని ఊళ్లో పోలీసు పని చేస్తుంటాడు. అతని మీద దాడి చేసేవాడికి యూనిఫాం ఉండదు. చెక్‌పోస్టు వైపు వేగంగా వస్తున్న కారులో బాంబు ఉందా, ఆసుపత్రికి తీసుకెళ్తున్న గర్భిణి ఉందా అన్నది కొన్ని క్షణాల్లో తేల్చుకోవాలి. 2005 మార్చి 4న బాగ్దాద్ విమానాశ్రయం దారిలో ఇటలీ నిఘా అధికారి నికోలా కాలిపారి ఇలాగే చనిపోయాడు. అప్పుడే విడుదలైన బందీని, పాత్రికేయురాలు జూలియానా స్గ్రేనాను, తీసుకొస్తున్న కారు మీద అమెరికా సైనికులు కాల్పులు జరిపారు. సైనికుల తప్పు లేదని అమెరికా విచారణ తేల్చింది, ఇటలీ దాన్ని అంగీకరించలేదు. చనిపోయినవాడు మిత్రదేశపు అధికారి కాబట్టి లోకమంతా తెలిసింది. అదే రకం రోడ్ల మీద అదే రకంగా పోయిన ఇరాకీల పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. 2006లో జనరల్ పీటర్ చియారెల్లి ఇలాంటి కాల్పులను లెక్కగట్టి విచారించమని ఆదేశించాక ఆ మరణాలు బాగా తగ్గాయి. మనుషులు వారే, భయమూ అదే. అడిగేవాడు ఒకడున్నాడన్న ఎరుక మాత్రమే కొత్తది.

భయంతో పాటు కోపం. సర్వేలో పౌరుల పట్ల అనుచితంగా ప్రవర్తించామన్నవారు కోపం తక్కువగా ఉన్నవారిలో కంటే ఎక్కువగా ఉన్నవారిలో రెట్టింపు. సహచరుణ్ణి పోగొట్టుకున్న అనుభవానికీ ఈ ఉల్లంఘనలకూ సంబంధం కనిపించింది. 2005 నవంబరు 19న హదీతాలో రోడ్డు పక్క బాంబు ఒక మెరైన్‌ను చంపింది. ఆ తర్వాతి గంటల్లో మెరైన్ల చేతిలో 24 మంది ఇరాకీలు మరణించారు, వారిలో మహిళలూ పిల్లలూ ఉన్నారు. పగ తీర్చుకోవడానికి అసలు చేసినవాడు దొరకనప్పుడు ఆ ఊరివాళ్లందరూ ఒక్కటే అన్న భావన పుట్టుకొస్తుంది. మనస్తత్వవేత్తలు దీన్ని అమానవీకరణ అంటారు. ఎదుటి మనిషిని పేరుతో కాక తిట్టుపదంతో పిలవడం దానికి తొలి గుర్తు.

కోపం, భయం మాత్రమే మూలమనుకుంటే లెక్క సరిపోదు. ఆ రెండూ పెద్దగా లేనిచోట కూడా హత్యలు జరిగాయి. 1942 జులై 13న జర్మనీ ఆక్రమణలోని పోలండ్‌లో, యూసెఫూవ్ అనే ఊళ్లో, 101వ రిజర్వు పోలీసు బెటాలియన్ సుమారు 1,500 మంది యూదులను కాల్చి చంపింది. వీరిలో ఎక్కువమంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసువారు, యుద్ధం చూసినవారు కాదు. నిజానికి సైనికులు కూడా కాదు, పోలీసులు. ఆ ఉదయం మేజర్ విల్‌హెల్మ్ ట్రాప్ కన్నీళ్లతోనే ఆజ్ఞ చదివి, ఈ పని చేయలేమనుకునే పెద్దవయసువారు పక్కకు రావచ్చన్నాడు. దాదాపు 500 మందిలో వెంటనే ముందుకొచ్చినవారు డజను మంది. వారికి శిక్షేమీ పడలేదు. 1992లో ఈ బెటాలియన్ చరిత్ర రాసిన క్రిస్టఫర్ బ్రౌనింగ్ మిగతావారి మనసు గురించి చెప్పింది గమనించాలి. వరుసలోంచి బయటికి నడవడమంటే చెడ్డ పనిని సహచరుల నెత్తిన వేసి తాను తప్పుకోవడం, పిరికివాడినని అందరి ముందూ ఒప్పుకోవడం. చాలామందికి ఆ సిగ్గు హత్య కంటే బరువనిపించింది. యూదుల పట్ల ద్వేషానికి బ్రౌనింగ్ తగిన చోటు ఇవ్వలేదని డేనియల్ గోల్డ్‌హాగన్ 1996లో గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శలో బలముంది. ద్వేషం ముందే నూరిపోయకపోతే ఆ ఉదయం అంత సాఫీగా జరిగేది కాదు.

యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం అందరికీ తెలిసిందే. పరిశోధకుడు చెబితే చాలు, 40 మందిలో 26 మంది కనపడని మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుని మీట నొక్కారు. పాల్గొన్నవారంతా ఆ షాక్‌లు నిజమని నమ్మారా అన్న సందేహం తర్వాత వచ్చింది, అది సబబే. కానీ ఆయనదే, తక్కువగా చెప్పుకునే మరో ప్రయోగముంది. అందులో పక్కన కూర్చున్న ఇద్దరు సహచరులు మధ్యలో ‘మేం చేయం’ అని లేచిపోతారు. అప్పుడు చివరిదాకా వెళ్లినవారు 40 మందిలో నలుగురే. నోరు మూసేదీ పక్కవాడే, తెరిపించేదీ పక్కవాడే.

ఇలా చెబితే వ్యక్తి బాధ్యతను పలుచన చేసినట్టు కాదా అని అడగవచ్చు. కాదు. పరిస్థితి అందర్నీ ఒకేలా నడిపిస్తే యూసెఫూవ్‌లో ఆ డజను మందీ ఉండేవారు కాదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో, గ్రామస్థులను చంపుతున్న అమెరికా సైనికులకూ ఆ గ్రామస్థులకూ మధ్య హెలికాప్టర్ దించిన అమెరికా పైలట్ హ్యూ థాంప్సన్ కూడా ఉండేవాడు కాదు. యుద్ధాల్లో లైంగిక హింసను అధ్యయనం చేసిన ఎలిజబెత్ వుడ్ కూడా ఇదే మాట మరో దారిలో చెప్పింది. కొన్ని సాయుధ దళాల్లో ఆ హింస విచ్చలవిడిగా ఉంటే, కొన్నిట్లో అత్యంత అరుదు. కాబట్టి ‘యుద్ధంలో ఇవన్నీ మామూలే’ అన్న సమర్థన నిలవదు.

ఇవన్నీ పరదేశపు ఉదాహరణలుగా చదివి పక్కన పెట్టే హక్కు మనకు లేదు. భారత శాంతి సైన్యం ఒప్పందం మీద శ్రీలంకకు వెళ్లింది కనుక చట్టం దాన్ని ఆక్రమణ అనదు. అయినా 1987 అక్టోబరు 21న, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. లోపలి నుంచి తమిళ టైగర్లు కాల్చారని భారత్ వైపు వాదన. ఆ వాదన ఎంతవరకు నిజమైనా, మంచాల మీద ఉన్న రోగుల చావుకు అది సమాధానం కాదు.

సైనికుడికి ఈ నిగ్రహాన్ని నేర్పించగలమా? అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2004లో ప్రచురించిన అధ్యయనం సైనికుడి మంచితనం మీద భరోసా పెట్టుకోవద్దని సూచించింది. స్పష్టమైన ఆజ్ఞలు, శిక్షణ, శిక్ష పడుతుందన్న నమ్మకం, వీటి మీద ఆధారపడమంది. 2018లో అదే కమిటీ తన మాటను కొంత సవరించుకుంది. శిక్ష భయం ఒక్కటే చాలదని, ‘మనలాంటివాళ్లు ఇలాంటి పని చేయరు’ అన్న భావన దళం లోపల పాతుకుపోవాలని చెప్పింది. ఇది నాకు మరింత సరైనదనిపిస్తుంది. మొదట చెప్పిన సర్వేలో, శిక్షణ పొందామన్న అమెరికా సైనికుల్లోనే 28 శాతం మంది, నీతికి సంబంధించిన ఒక పరిస్థితి ఎదురైనప్పుడు ఏం చేయాలో తోచలేదన్నారు మరి.

2007 చివర్లో ఇరాక్‌లోని ఒక అమెరికన్ బ్రిగేడ్ మరో దారి పట్టింది. ఉపన్యాసాలు మానేసి, సినిమా సన్నివేశాలు చూపించి, దళనాయకుల చేతే చర్చ జరిపించింది. ఫలితాలు 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అవసరం లేకుండా ప్రజల ఆస్తి పాడుచేశామన్నవారు 13.6 శాతం నుంచి 5 శాతానికి తగ్గారు. పౌరుణ్ణి హింసించిన సహచరుడి గురించి చెబుతామన్నవారు 36 శాతం నుంచి 58.9 శాతానికి పెరిగారు. సైనికులు తమ గురించి తామే రాసిన జవాబులివి, యుద్ధ తీవ్రతలో మార్పు ప్రభావం కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. అయినా ఏది మార్చవచ్చో ఇది చూపిస్తుంది. రోజూ ఎవరి ఆజ్ఞ కింద పనిచేస్తారో ఆ నాయకుడి నోటి నుంచే మాట రావాలి. అలా వచ్చాక కూడా ప్రతి పది మందిలో నలుగురు చెబుతామని మాట ఇవ్వలేదు.