గచ్చు కింద పైపు కారుతోందని తవ్వకుండా తెలుసుకునేదెలా?

చిట్టమూరు నుంచి ఏడో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా వంటింట్లో గచ్చు ఒక మూల ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది. అడుగున పైపు కారుతోందని మేస్త్రి అంటున్నాడు. తెలుసుకోవాలంటే గచ్చంతా తవ్వాల్సిందేనట. నేల లోపలిది కంటికి కనపడదు కదా, తవ్వకుండా ఎలా తెలుస్తుంది?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయమ్మా. పైపు అసలు కారుతోందా అనేది ఒకటి. కారుతుంటే ఎక్కడ అనేది రెండోది. మొదటిది తేలకముందే రెండోదాని కోసం గునపం ఎత్తడం వల్ల ఎన్నో ఇళ్లలో మంచి గచ్చులు పాడవుతున్నాయి. కాబట్టి తొందరపడకుండా మొదటిదానితోనే మొదలుపెడదాం.

గచ్చు కింద ఏముంటుంది? ఇల్లు కట్టేటప్పుడు పునాది గోడలను నేల మీద రెండు మూడడుగులు పైకి లేపుతారు. దాన్నే బేస్‌మట్టం అంటాం. ఆ గోడల మధ్య ఖాళీని ఇసుకతోనో గ్రావెల్‌తోనో నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టి, పైన కాంక్రీటు బెడ్డు పోస్తారు. దాని మీద సిమెంటు మాలు, ఆ పైన టైల్స్. వంటింటికీ స్నానాల గదికీ వెళ్లే పైపులు కొన్ని గోడల్లో, కొన్ని ఈ నింపిన ఇసుకలో ఉంటాయి. దిమ్మిస సరిగ్గా పడకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఇసుక కుంగుతుంది. పైపు ఒక కొస గోడలో బిగిసి ఉంటుంది కాబట్టి ఇసుకతో పాటు దిగలేదు. ఆ లాగుడంతా జాయింటు మీద పడుతుంది. అందుకే పీవీసీ పైపుల్లో మధ్యలో పగిలేవి తక్కువ, జాయింటు దగ్గర వదిలేవి ఎక్కువ. పాత జీఐ ఇనుప పైపులైతే ఉప్పు నేలలో తుప్పు పట్టి చిల్లులు పడతాయి.

ఇక చెమ్మ సంగతి. కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా దాని నిండా కంటికి ఆనని సన్నని దారులుంటాయి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే ఆ దారులు నీటిని పైకి లాగుతాయి. దారి ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. ముతక ఇసుకలో కొద్ది అంగుళాలే ఎక్కే నీరు బంకమట్టిలో అడుగుల ఎత్తుకు పోతుంది. ఇటుక గోడలో మూడడుగుల దాకా ఎక్కిన మరకలు మనం చూస్తూనే ఉంటాం. అంటే గచ్చు తడవడానికి పైపు కారి తీరాలనేం లేదు. అందేంత దూరంలో కింద నీరుంటే చాలు.

చిట్టమూరులో ఆ నీరు దగ్గరే ఉంటుంది. పులికాట్ సరస్సును ఆనుకుని ఉన్న మండలాల్లో అదొకటి. నెల్లూరు తీరంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఆ రోజుల్లో చేదబావిలో నీరు ఎంత పైకి వస్తుందో ఒకసారి తొంగి చూడు. బావిలో కనిపించే ఆ మట్టమే ఇంచుమించుగా మీ ఇంటి కింద కూడా ఉంటుంది. కాబట్టి ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సింది ఒకటుంది: ఈ చెమ్మ ఏ నెలలో మొదలైంది? ఏప్రిల్, మే నెలల్లో బావి అడుగంటినప్పుడు ఆరిపోయిందా? కార్తీకంలో వచ్చి ఎండాకాలంలో పోయే చెమ్మ భూమి నుంచి వచ్చిందే. కారే పైపుకు కాలంతో పని లేదు, మే నెల ఎండలోనూ తడుపుతూనే ఉంటుంది.

గాలి నుంచి వచ్చే తడి ఇంకొకటి ఉంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రాత్రి చల్లబడిన నున్నని టైల్స్‌ను ఆ గాలి తాకితే, చల్లని స్టీలు గ్లాసు బయట నీటి బొట్లు పట్టినట్టే, గచ్చు మీద పలుచని తడి పడుతుంది. ఇది పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అని తేల్చడం చాలా తేలిక. మూరెడు పొడవు, మూరెడు వెడల్పున్న ప్లాస్టిక్ కాగితాన్ని టైల్స్ సందులు కూడా కప్పేలా చెమ్మ ఉన్నచోట పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి. తడి కాగితం పైన ఉంటే గాలిది, కాగితం అడుగున ఉంటే నేలది. టైల్ మెరుగు పూతలోంచి నీరు రాదు, సందుల్లోంచే వస్తుంది. సందులు కప్పాలని అందుకే చెప్పాను.

కాగితం అడుగున తడి కనిపించిందనుకుందాం. అది భూమి నీరా, పైపు నీరా? అది తేల్చే పరీక్ష మేడ మీద ట్యాంకు దగ్గర చేయాలి, కాబట్టి నాయనను తోడు తీసుకుని వెళ్లు. రాత్రి అందరి పనులూ అయ్యాక మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో పొడి కర్రను అడుగు ఆనేలా నిలబెట్టి, తడిసిన మేర గీత పెట్టండి. తెల్లారి ఎవరూ నీళ్లు ముట్టుకోకముందే మళ్లీ కొలవండి. మూత ఉన్న ట్యాంకులో ఒక్క రాత్రిలో ఆవిరయ్యేది లెక్కలోకి రాదు. మట్టం దిగితే ఆ నీరు ఎక్కడికో పోయినట్టే.

ఎంత దిగితే ఎంత పోయినట్టు? వెయ్యి లీటర్ల ట్యాంకు అడ్డకొలత సుమారు 110 సెంటీమీటర్లు అనుకుంటే, మట్టం ఒక సెంటీమీటరు దిగడమంటే తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. ట్యాంకు నీటి మట్టం పైపు కంటే నాలుగు మీటర్ల ఎత్తున ఉండి, పైపుకు ఒక్క మిల్లీమీటరు చిల్లు ఉంటే గంటకు 15 లీటర్ల దాకా కారుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో 120 లీటర్లు. కర్ర మీద గీత పన్నెండు సెంటీమీటర్లు కిందికి జారుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. రోజంతా లెక్కేస్తే 360 లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్కగట్టింది. అంటే ఒక్క మిల్లీమీటరు చిల్లు ఆరుగురి నీళ్లు తాగేస్తుంది. అదే సెకనుకొక బొట్టు చొప్పున కారే జాయింటైతే రోజుకు నాలుగు లీటర్లకు కాస్త పైన. ఒక్క రాత్రికి కర్ర మీద తేడా సుమారు మిల్లీమీటరున్నరే ఉంటుంది. అలాంటప్పుడు రెండు మూడు రోజులు ఊరెళ్లే సందర్భం చూసుకుని కొలవాలి.

వదిలిన నీటికీ చేరిన నీటికీ తేడా చూసే ఈ లెక్కే పెద్ద పెద్ద పనుల్లోనూ వాడతారు. మన కండలేరు జలాశయం నుంచి మద్రాసుకు నీళ్లు తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు. కృష్ణా నుంచి 15 టీఎంసీలు ఇచ్చి, దారిలో 3 టీఎంసీలు పోయినా సరిహద్దు దగ్గర 12 అందాలన్నది ఒప్పందం. 1996లో నీళ్లు వదిలాక అక్కడికి చేరింది అనుకున్నదానికంటే చాలా తక్కువ. కాలువ గట్లను ఎవరూ తవ్వి చూడక్కర్లేకుండా, రెండు కొసల కొలతలే నీరు దారిలో పోతోందని చెప్పాయి. తర్వాత సత్యసాయి ట్రస్టు కాలువకు లైనింగ్ చేయించాక 2004 నాటికి నీళ్లు మెరుగ్గా చేరాయి. నగరాల్లో నీటి ఇంజనీర్లు కూడా ఊరంతా నిద్రపోయే రెండు, నాలుగు గంటల మధ్య మెయిన్ పైపులో ప్రవాహం కొలుస్తారు. ఎవరూ వాడని వేళలో నీరు పారుతోందంటే అందులో ఎక్కువ భాగం లీకులదే.

మళ్లీ మన ట్యాంకు దగ్గరికి వద్దాం. గీత దిగిందని వెంటనే గచ్చును నిందించడానికి లేదు. ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు అరిగి నీరు నిశ్శబ్దంగా కమోడ్‌లోకి జారుతూ ఉండవచ్చు. ఇది చాలా ఇళ్లలో ఉంటుంది, చాలామంది చూడరు. ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి అరగంట ఆగితే, నొక్కకుండానే కమోడ్‌లో నీలం కనపడితే దొంగ దొరికినట్టే. అది కాదని తేలితే మరుసటి రాత్రి ట్యాంకు నుంచి దిగే పైపు గేట్ వాల్వ్ కట్టేసి మళ్లీ గీత పెట్టండి. అప్పుడూ మట్టం దిగితే తప్పు ట్యాంకుదే. దిగడం ఆగితే తప్పు లైనుది. వంటింటికీ స్నానాల గదికీ వేరే వాల్వులుంటే ఒక్కొక్కటే కట్టి చూస్తూ పోతే ఏ కొమ్మలో కారుతోందో రెండు మూడు రాత్రుల్లో తెలిసిపోతుంది. ఇంతవరకూ రూపాయి ఖర్చు లేదు, ఒక్క టైల్ కూడా కదల్లేదు.

గీత అసలు దిగలేదనుకో. అప్పుడు మంచినీళ్ల లైను మీద అనుమానం పోయింది. మురుగు పైపు మీద ఇంకా పోలేదు. వాడిన నీళ్లు పోయే పైపులో నీరు నిలవ ఉండదు, వాడినప్పుడే పారుతుంది, వాడినప్పుడే కారుతుంది. ట్యాంకు పరీక్ష దాన్ని పట్టలేదు. స్నానాల గది నానీ ట్రాపులో (వాడిన నీళ్లు పోయే తూములో) గుడ్డ ఉండ గట్టిగా కుక్కి, గచ్చు మీద రెండంగుళాల నీరు నిలబెట్టి, గోడ మీద గీత పెట్టి చూడాలి. గీత దిగితే గచ్చు సందులోంచి కారుతోందన్నమాట. గీత దిగకుండా ఉండి, గుడ్డ తీసి రంగునీళ్లు వదిలాక చెమ్మకు రంగొస్తే అది ట్రాపు కింది జాయింటు.

తీరంలో ఇంకో ఆనవాలు ఉప్పు. రుచి చూడకు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. బేస్‌మట్టం పక్కన చిన్న గుంత తీసి ఊరిన నీటినీ, కుళాయి నీటినీ, బావి నీటినీ కొలిచి పోల్చాలి. బావి నీరు ఉప్పగా ఉండి, గుంతలోది కుళాయి నీటికి దగ్గరగా ఉంటే పైపు మీద అనుమానం గట్టిపడుతుంది. కానీ గుంత నీరు ఉప్పగా ఉన్నంత మాత్రాన పైపు మంచిదని చెప్పలేం. కుళాయి నీరే చవుడు మట్టి గుండా వస్తూ ఉప్పును కలుపుకుని ఉండొచ్చు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎక్కడ? తడి ఉన్నచోటే చిల్లు ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ నీరు పైపు వేసిన గాడి వెంట నడిచి, ఎక్కడ కాంక్రీటులో పగులుంటే అక్కడ బయటపడుతుంది. ఇసుక నేలలో అయితే నిట్టనిలువునా దిగిపోయి పైన ఏ తడీ చూపించకపోవచ్చు. అటువంటి చోట ఇసుక కొట్టుకుపోయి గచ్చు కింద బోలు ఏర్పడుతుంది. వేళ్లతో టైల్ మీద కొడితే డొల్లగా మోగడం దానికి గుర్తు.

వినడం పాత పద్ధతి. నీరు ఇరుకు చిల్లులోంచి జోరుగా బయటికొచ్చేటప్పుడు పైపు గోడ సన్నగా అదురుతుంది, ఆ అదురే బుసలా వినిపిస్తుంది. నగరాల్లో నీటి సరఫరా సిబ్బంది లోహపు కడ్డీ ఒక కొస పైపుకో నేలకో ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటారు. ఇప్పుడు ఆ పనికి మైకున్న పరికరాలొచ్చాయి. పైపు మీద రెండు చోట్ల రెండు మైకులు పెట్టి, శబ్దం దేనికి ఎంత ముందు చేరిందో కొలిచి చిల్లు దూరం లెక్కగట్టే యంత్రాలూ ఉన్నాయి. రెండింటికీ ఒకేసారి చేరితే చిల్లు సరిగ్గా నడుమ ఉన్నట్టు.

మీ ఇంట్లో మాత్రం ఈ పద్ధతి తేలిగ్గా పనిచేయదు. కారణాలు రెండు. పది మీటర్ల ఎత్తు నీరుంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మీ ట్యాంకు నాలుగు మీటర్ల ఎత్తే, ఒత్తిడి అరకిలో కూడా లేదు, అందుకే బుస బలహీనం. పైగా ప్లాస్టిక్ పైపు శబ్దాన్ని ఇనుములా దూరం మోయదు, తనలోనే మింగేస్తుంది. అందువల్ల తెలిసిన ప్లంబరు అనుమానమున్న కొమ్మను విడదీసి, చేతి పంపుతో నీళ్లెక్కించి ఒత్తిడి పెంచుతాడు. పంపు మీది ఒత్తిడి మీటరు ముల్లు నిలబడితే పైపు బాగుంది, జారితే కారుతోంది. పెరిగిన ఒత్తిడికి బుస కూడా పెద్దదై చెవికి అందుతుంది. ఈ పరీక్షకు నీళ్లే వాడాలి. పీవీసీ పైపులో కంప్రెసర్ గాలి ఎక్కిస్తే అది ముక్కలై ఎగిరి మనుషులకు తగలవచ్చు. ఎవరైనా అలా చేయబోతే ఆపండి.

అప్పటికీ చోటు తెలియకపోతే పట్టణాల్లో హైడ్రోజన్ అయిదు పాళ్లు, నైట్రోజన్ తొంభై అయిదు పాళ్లు కలిపిన వాయువుతో వెతికేవాళ్లున్నారు. ఆ పాళ్లలో అది అంటుకోదు. నీళ్లు తీసేసిన పైపులోకి తక్కువ ఒత్తిడితో దాన్ని పంపితే, అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ అణువు చిల్లులోంచి బయటపడి, ఇసుకలోంచి, కాంక్రీటులోంచి, టైల్స్ సందుల్లోంచి పైకి వస్తుంది. ముక్కులాంటి మీటరును గచ్చు మీద జరుపుకుంటూ పోతే ఎక్కడ ఎక్కువ చూపిస్తే దాని కిందే చిల్లు.

చోటు తేలాక మేస్త్రిని పిలిచి ఆ రెండు మూడు టైల్స్ మాత్రమే తీయమనండి. జాయింటు మార్చి, అతికించిన సొల్యూషన్ పూర్తిగా ఆరనిచ్చి, గుంత పూడ్చకముందే ఆ రాత్రి మళ్లీ ట్యాంకులో కర్ర పెట్టి గీత గీయండి. గీత కదలకపోతే ఇసుక పొరలుపొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టించి, బెడ్డు వేయించండి. పైపు బాగైనా లోపల నానిన ఇసుక ఆరడానికి వారాలు పడుతుంది, ఆరే నీరు గోడ మీద వదిలే ఉప్పు పూత ఇంకొన్నాళ్లు కనిపిస్తుంది. రంగులు మాత్రం ఆ పూత రాలడం ఆగాకే వేయించుకోవాలి.