ప్రశ్నకు భయపడని విశ్వాసం

ఈరోజు మనం పీలుస్తున్న గాలి ఆదిలో ఇలా లేదు. భూమి వయసు సుమారు 450 కోట్ల ఏళ్లయితే, అందులో దాదాపు సగం కాలం గాలిలో ప్రాణవాయువు లేనట్టే లెక్క. సముద్రాల్లోని సూక్ష్మజీవులు సూర్యరశ్మిని వాడుకొని వదిలిన ఆక్సిజన్ దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితమే గాలిలో పేరుకోవడం మొదలైందంటారు శాస్త్రజ్ఞులు.

మరి అంతకు ముందే జీవం ఎలా పుట్టింది? అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్లర్ అనే యువకుడు తన గురువు హెరాల్డ్ యూరీ పర్యవేక్షణలో చేసిన ప్రయోగం 1953లో లోకానికి తెలిసింది. గాజు పాత్రల్లో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి, మెరుపులకు బదులుగా విద్యుత్ రవ్వలు పుట్టించాడు. వారం తిరిగేసరికి నీరు ఎర్రబారింది. అందులో ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు దొరికాయి.

'ఇక దేవుడెందుకు?' అన్నారు కొందరు. ఆదిమ వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు, నైట్రోజనే ఎక్కువని, వాటితో అమైనో ఆమ్లాలు అంత తేలిగ్గా పుట్టవని తర్వాత చాలామంది శాస్త్రజ్ఞులు చెప్పారు. 'చూశారా, సైన్స్ ఓడింది!' అని సంబరపడ్డారు కొందరు విశ్వాసులు. రెండూ తొందరపాటు మాటలే! ఇటుకలు దొరికితే ఇల్లు లేచినట్టు కాదు. ఇల్లెలా లేచిందో తెలిస్తే కట్టించినవాడు లేడనీ కాదు.

మిల్లర్ 2007లో కన్నుమూశాడు. ఆయన దాచిన పాత సీసాలను శిష్యులు మళ్లీ పరీక్షిస్తే, ఆయన గుర్తించినవాటి కన్నా ఎక్కువ అమైనో ఆమ్లాలు బయటపడ్డాయని 2008లో ప్రకటించారు. సైన్స్‌కు తెలియని చోటనే మనం దేవుణ్ణి నిలబెడితే, ఇలాంటి సీసా ఒకటి తెరిచినప్పుడల్లా ఆయన ఒక అడుగు వెనక్కి జరగాలి. దేవుణ్ణి మన అజ్ఞానానికి అతుకుగా వాడవద్దని, తెలిసినదానిలోనే ఆయన్ను కనుగొనాలని నాజీల చెరసాల నుంచి 1944లో రాశాడు దైవజ్ఞుడు బోన్‌హోఫర్.

ఆదికాండం మనకు వాయువుల పట్టిక ఇవ్వదు. మనిషి మట్టివాడని, అతనిలోని ఊపిరి దేవుడిదని చెబుతుంది. ఎలా జరిగిందో వెదకడం ప్రయోగశాల పని. ఎవరివల్ల, ఎందుకోసం అన్నది లేఖనం చెప్పే సంగతి.

మిల్లర్ ప్రయోగం గురించి చదివొచ్చిన మన పిల్లలు సందేహం అడిగితే, 'నోరుమూసుకుని ప్రార్థన చేసుకో' అంటున్నామా? వాళ్లు నోరు మూసుకుంటారు, ఆనక చర్చికి రావడమూ మానేస్తారు. గాయాలు చూస్తేనే నమ్ముతానన్న తోమాను యేసుప్రభువు వెళ్లగొట్టలేదు, దగ్గరకు పిలిచి చూపించాడు. మనమూ పిల్లల పక్కన కూర్చుని ఆ పాఠం చదువుదాం. సత్యం ఎక్కడ దొరికినా అది మన దేవుడిదే!