పీజోవిద్యుత్ పాలిమర్లలో కార్బన్ నానోనాళికలు

వాన చినుకుల తాకిడిని విద్యుత్ సంకేతంగా మార్చగల పలుచని పొరలకు పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనువైన పాలిమర్. దీని పీజోవిద్యుత్ గుణాన్ని 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయి వెల్లడించారు. అయితే కరిగించి చల్లార్చినప్పుడు ఇది సాధారణంగా ధ్రువత్వం లేని ఆల్ఫా రూపంలో స్ఫటికీకరిస్తుంది. కావలసినది బీటా రూపం.

కార్బన్ నానోనాళికలను యథాతథంగా కలిపితే ఉండలు కడతాయి. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో చర్య జరిపితే వాటి ఉపరితలంపై కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. అప్పుడు నాళికలు పాలిమర్‌లో చక్కగా విస్తరించి, దాని గొలుసులను ఆకర్షించి, బీటా స్ఫటికాల ఏర్పాటుకు తోడ్పడతాయి. ఆమ్లచర్య మితిమీరితే మాత్రం నాళికలే తెగిపోతాయి.

అసలు చిక్కు మోతాదులో ఉంది. నాళికలు ఒకదానినొకటి తాకుతూ ఎడతెగని మార్గం ఏర్పడితే పొర విద్యుద్వాహకమవుతుంది. ధ్రువీకరణకు అవసరమైన అధిక విద్యుత్ క్షేత్రం అందులో నిలవదు. చినుకు తాకి పుట్టిన ఆవేశమూ కొలిచేలోపే లోపల హరించుకుపోతుంది.